వ్యాధిక్షమత్వం: మశూచిక చరిత్రలో ఒక కూటగ్రంథం

పెదకాకాని మల్లేశ్వరాలయం చుట్టుపట్ల పల్లెలలో పూర్వం మశూచికాన్ని రోగమని అనేవారు కారు. "అమ్మవారు పోసింది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి పోలేరమ్మకు మొక్కుకొనేవారు. ఒకమారు పోసి తేరుకున్నవానికి మరల పోయదన్న సంగతి మాత్రం లోకానుభవంలో ఉన్నదే.

శాస్త్రం ఏమన్నది? చరకసంహిత సూత్రస్థానం 28వ అధ్యాయంలో "వ్యాధిక్షమత్వం" అనే పదమున్నది. అపథ్యం అందరినీ ఒకే తీరున బాధింపదనీ, అతిస్థూలులు, అతికృశులు, అల్పాహారులు, అల్పసత్త్వులు వ్యాధిని సహింపజాలరనీ అక్కడి భావం. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత చక్రపాణిదత్తుడు దానికి రెండర్థాలు చెప్పాడు: పుట్టిన వ్యాధి బలాన్ని ఎదిరించడం, వ్యాధిని పుట్టనీయకపోవడం. ఇది దేహబలాన్ని గూర్చిన మాట. ఒక రోగం వచ్చిపోయినందువలన ఆ రోగానికే కలిగే రక్షణను గూర్చినది కాదు. ఈ భేదాన్ని మనవారు తరచు విస్మరిస్తారు.

ఆ విస్మృతికి ఒక చరిత్ర ఉన్నది. జెన్నర్ 1796లో కనుగొన్న గోమశూచి టీకా 1802లో బొంబాయి చేరింది. జనం సందేహించారు. 1819లో 'మద్రాస్ కొరియర్' పత్రికలో ఒక లేఖ వెలువడింది: ఆవు పొదుగు మీది పొక్కుల రసాన్ని శస్త్రపు మొనతో బాహువున ఎక్కించమని ధన్వంతరి ఏనాడో చెప్పాడట! ఆ వాక్యాలు ఏ ప్రామాణిక ఆయుర్వేద గ్రంథంలోనూ లేవు. టీకాను ఒప్పించడానికి అల్లిన సదుద్దేశపు కల్పన అది. తెలుగు, తమిళ, కన్నడాలు ఒకే కుటుంబమని 1816లో నిరూపించిన ఎల్లిస్ దొర సైతం ఇదే ప్రయోజనానికి అమ్మవారు, ధన్వంతరి సంభాషించే కథను తమిళంలో కూర్చాడు. నేటికీ ఆ "ధన్వంతరి వాక్యం" మన గొప్పతనానికి సాక్ష్యంగా ఉదాహరింపబడుతూనే ఉన్నది. నకిలీ నాణెంతో ఋషిఋణం తీరుతుందా?

సామ్యం కావాలంటే నిజమైనదే ఒకటి ఉన్నది. అనుభవం సంస్కారాన్ని మిగిల్చుతుంది, సంస్కారం వలన స్మృతి కలుగుతుందని నైయాయికుల సిద్ధాంతం. దేహంలోనూ అట్టి క్రమమే. క్రిమి ప్రవేశించగానే దానికి సరిపడే కొద్దిపాటి లింఫోసైట్లు వేలకొలది వృద్ధి పొందుతాయి. కొన్ని ప్రతిరక్షకాలను స్రవిస్తాయి, కొన్ని రోగగ్రస్త కణాలను చంపుతాయి. పోరు ముగిశాక అధికభాగం నశించినా స్మృతికణాలు కొన్ని సంవత్సరాల తరబడి నిలుస్తాయి. గోమశూచి క్రిమి మశూచిక క్రిమికి జ్ఞాతి గనుక దాని స్మృతి దీనికీ పనికివచ్చింది. అయితే నైయాయికుని స్మృతి ఆత్మగుణం, ఇది కణధర్మం. సామ్యమే తప్ప ఐక్యం కాదు.

భారతదేశంలో మశూచికం 1975లో ఆగింది. 1977లో దేశం దానినుండి విముక్తమైనదని ధ్రువీకరింపబడింది. పోలేరమ్మ కొలుపులు ఆగలేదు.