అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో స్పీకర్ సౌండ్ తగ్గడం

విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్‌లో వాల్యూమ్ నూటికి నూరు పెట్టినా స్పీకర్ల నుంచి చాలినంత శబ్దం రాకపోవడం తరచూ ఎదురయ్యే ఇబ్బంది. స్పీకర్లు పోయాయనుకుని వెంటనే కొత్తవి కొనేస్తుంటారు. లోపం మాత్రం చాలాసార్లు సెట్టింగుల్లోనో, పిన్ను దగ్గరో, బోర్డుకూ స్పీకరుకూ జత కుదరకపోవడంలోనో ఉంటుంది. కంపెనీ ల్యాప్‌టాప్‌లో చిప్పు, ఆంప్లిఫయర్, స్పీకరు మూడింటినీ ఒకే సంస్థ సరిచూసి పంపుతుంది. అసెంబుల్డ్ సెట్టులో బోర్డు ఒకరిది, క్యాబినెట్ ఇంకొకరిది, స్పీకర్లు మరొకరివి. వీటిని కలిపి బిగించినవారే సౌండుకూ పూచీ పడాలి.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు

ఈ ఇబ్బందిని మేడ్చల్, శామీర్‌పేటల్లో ఉండేవారి వైపు నుంచి చూద్దాం. హైదరాబాద్ ఉత్తర శివార్లలోని ఈ రెండు మండల కేంద్రాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. శామీర్‌పేట వైపు బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ. మేడ్చల్ వైపు కండ్లకోయ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు. సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలని ఉబలాటపడే విద్యార్థులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు.

దుకాణంలో చూసి కొనాలంటే మాత్రం ఎక్కువగా సికింద్రాబాద్ వెళ్తారు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ, జంటనగరాల్లో కంప్యూటర్ విడిభాగాలకు పేరుమోసిన చోటు. మేడ్చల్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కొంపల్లి, బోయిన్‌పల్లి మీదుగా, శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద హకీంపేట, అల్వాల్, కార్ఖానా మీదుగా పోవాలి. ఎటునుంచైనా అటూఇటూగా పాతిక కిలోమీటర్లు. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ రైలు కూడా నడుస్తోంది. ఏ దారిన వెళ్లినా ఒక పూట ఖర్చవుతుంది కనుక, సీపీయూను సంచిలో పెట్టుకుని బయల్దేరే ముందు లోపం ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవడం మంచిది. అందుకు కావలసిన పరికరం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది.

ఫోన్‌తో పరీక్ష

స్పీకర్ పిన్నును కంప్యూటర్ వెనక నుంచి తీసి ఫోన్‌కు తగిలించాలి. ఫోన్‌కు గుండ్రటి రంధ్రం లేకపోతే టైప్‌–సీ కన్వర్టర్ వాడాలి. స్పీకర్ మీద ఉన్న వాల్యూమ్ బటన్ కదపకుండా, అంతకుముందు కంప్యూటర్‌లో పెట్టిన పాటే ఫోన్‌లో పెట్టాలి. సౌండ్ గట్టిగా వస్తే స్పీకరు నిక్షేపంగా ఉన్నట్టు, తప్పు కంప్యూటర్‌ది. ఫోన్‌తోనూ అంతే సన్నగా వినిపిస్తే కంప్యూటర్‌ను వదిలిపెట్టి స్పీకర్లను చూడాలి. సాధారణంగా ఫోన్ ఇచ్చే సిగ్నల్ మదర్‌బోర్డు ఇచ్చేదానికంటే బలమైనదేమీ కాదు. ఫోనే గెలిచిందంటే ఇక కంప్యూటర్‌ను అనుమానించడానికి సందేహించనక్కర్లేదు.

సౌండ్ ప్రయాణించే దారి చిన్నదే. ఫైల్‌లోని అంకెలను మదర్‌బోర్డు మీది ఆడియో చిప్పు కరెంటు అలలుగా మారుస్తుంది. బడ్జెట్ బోర్డుల మీద ఎక్కువగా కనిపించేవి రియల్‌టెక్ ఏఎల్‌సీ 887, 897 వంటివి. ఆ అలలు పచ్చరంగు రంధ్రం గుండా తీగలోకి, అక్కణ్నుంచి స్పీకర్ పెట్టెలోని ఆంప్లిఫయర్‌లోకి వెళ్లి, బలం పుంజుకుని కాగితపు కోన్‌ను కదిలిస్తాయి. ఈ దారిలో ఒక్కచోట సగం తగ్గినా చివరన తెలిసిపోతుంది.

పిన్ను, రంధ్రం

వెనక ప్యానెల్ మీద రంగులు 1990ల చివర్లో స్థిరపడ్డాయి: లేతపచ్చ స్పీకర్లకు, గులాబీ మైకుకు, లేతనీలం బయటి నుంచి వచ్చే సౌండుకు. ఆరు రంధ్రాలున్న బోర్డులో నారింజ, నలుపు, బూడిద రంగులు కూడా ఉంటాయి, అవి 5.1, 7.1 స్పీకర్ల కోసం. బల్ల కింద చీకట్లో చెయ్యి పెట్టి తడుముతూ గుచ్చేటప్పుడు పక్క రంధ్రంలోకి వెళ్లడం సులువు.

పిన్ను సగమే దిగినప్పుడు విచిత్రం జరుగుతుంది. పాటలో వాయిద్యాలు బోలుగా వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాత్రం దాదాపు మాయమైపోతుంది. పిన్ను మొదట్లో ఉన్న ఎర్త్ భాగం ఆనకపోవడమే దీనికి కారణం. అప్పుడు స్పీకర్లకు అందేది ఎడమ, కుడి చానళ్ల మధ్య తేడా మాత్రమే. గొంతును రికార్డింగ్‌లో నట్టనడుమ, రెండు వైపులా సమానంగా ఉంచుతారు కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పాట కరావోకేలాగా మారిందంటే సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా ముందు పిన్నును గట్టిగా నొక్కి చూడాలి. క్యాబినెట్ రేకు మందంగా ఉండి, బోర్డుతో వచ్చిన వెనక పలక సరిగ్గా కూర్చోకపోతే పిన్ను ఎంత నొక్కినా లోపలికి దిగదు. బిగించేవారి తొందరలో జరిగే తప్పు ఇది.

క్యాబినెట్ ముందువైపు రంధ్రాల తీగకు కొన్ని పాత క్యాబినెట్లలో రెండు తలలు ఉంటాయి. ఒకదాని మీద ఏసీ 97 అని, రెండోదాని మీద హెచ్‌డీ ఆడియో అని రాసి ఉంటుంది. మొదటిది 1997 నాటి ఇంటెల్ పద్ధతి, రెండోది 2004 నాటిది. ఇప్పటి బోర్డులన్నిటికీ రెండోదే పెట్టాలి.

సెట్టింగుల్లో దాక్కున్న కోతలు

విండోస్‌లో వాల్యూమ్ ఒక్కచోట ఉండదు. టాస్క్‌బార్‌లోది ఒకటి, వాల్యూమ్ మిక్సర్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌ది వేరు, యూట్యూబ్ ప్లేయర్‌లోది ఇంకొకటి, స్పీకర్ మీది బటన్ వేరే. ఒకదాని తగ్గుదల మీద ఇంకొకటి పడుతుంది. వీటిలో ఏ ఒక్కటి సగంలో ఆగినా తక్కినవి ఎంత పెంచినా ఆ లోటు తీరదు.

ఎక్కువమందికి తెలియనిది విండోస్ 7తో వచ్చిన ఒక ఏర్పాటు. జూమ్, గూగుల్ మీట్ వంటి కాల్ మొదలైందని సిస్టమ్‌కు అనిపించగానే మిగతా సౌండ్లన్నిటినీ 80 శాతం తగ్గించేస్తుంది. మనం అడక్కపోయినా మొదటి నుంచీ అదే అమల్లో ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసుకు బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిచే ఉంచి, ఇంకో ట్యాబ్‌లో పాట పెట్టి, సౌండ్ చచ్చిపోయిందని బాధపడేవారికి చాలాసార్లు ఇదే కారణం. సౌండ్ సెట్టింగ్స్ అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, కమ్యూనికేషన్స్ అన్న ట్యాబ్‌లో డూ నథింగ్ ఎంచుకుంటే పీడ విరగడవుతుంది.

మరో చిక్కు సినిమాలది. పాటలు, ఫైట్లు గది అదిరేలా ఉంటాయి, మాటలు మాత్రం చెవి ఒగ్గినా వినపడవు. 5.1 సౌండ్ ఉన్న సినిమా ఫైల్‌లో మాటలను ప్రధానంగా మధ్య స్పీకర్ కోసం కేటాయించిన చానల్‌లో పెడతారు. ఇంట్లో ఉన్నవి రెండే స్పీకర్లు అయ్యుండి విండోస్‌లో 5.1 అని నమోదై ఉంటే, ఆ మధ్య చానల్ లేని స్పీకర్‌కు వెళ్లి వృథా అవుతుంది. సౌండ్ పరికరాన్ని ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కి, స్టీరియో అని మార్చాలి. ఆ తర్వాత కూడా మాటలు కాస్త తగ్గే ఉంటే, డ్రైవర్ ఒప్పుకున్న చోట ఎన్‌హాన్స్‌మెంట్స్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ పెట్టుకోవచ్చు. అది సన్నటి సౌండ్లను పెంచి, పెద్దవాటిని అదుపులో ఉంచుతుంది. సంగీతం శ్రద్ధగా వినేవారు మాత్రం దీన్ని తీసేయడమే మేలు. కచేరీలో మెల్లగా మొదలై పైకెళ్లే ఆలాపన అంతా ఒకే ఎత్తున వినిపిస్తుంది.

యూట్యూబ్‌లో కొన్ని పాత తెలుగు సినిమాలు మరీ నీరసంగా వినిపించడానికి కంప్యూటర్‌ను తప్పుపట్టకూడదు. ఎక్కువ సౌండ్ ఉన్న వీడియోలను ఆ సైటు తగ్గిస్తుంది గానీ, తక్కువగా ఎక్కించినవాటిని సాధారణంగా అలాగే వదిలేస్తుంది. వీడియో మీద కుడి క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే కంటెంట్ లౌడ్‌నెస్ అన్న చోట మైనస్ గుర్తుతో పెద్ద అంకె కనిపిస్తుంది. ఎక్కించినవారి దగ్గరే సౌండ్ తక్కువని దానర్థం.

విండోస్ కొత్తగా ఎక్కించాక సౌండ్ తగ్గితే, బోర్డు తయారీదారు సైటు నుంచి ఆ మోడల్‌కు చెందిన ఆడియో డ్రైవర్ తెచ్చి పెట్టాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాక సౌండ్ హెచ్‌డీఎంఐ తీగ ద్వారా మానిటర్‌లోకి మళ్లిపోవడం కూడా మామూలే. మానిటర్ లోపలి స్పీకర్లు తరచూ రెండేసి వాట్లవే. ఉబుంటు వాడేవారు టెర్మినల్‌లో అల్సామిక్సర్ తెరిచి, ఎఫ్ 6తో సరైన కార్డు ఎంచుకుని, ఏ గీత కిందైనా ఎంఎం అని ఉంటే ఎం నొక్కాలి. మాస్టర్ నిండుగా ఉన్నా ఫ్రంట్ గీత కిందికి పడి ఉండడం అక్కడ సాధారణం.

బోర్డు మోయలేని స్పీకర్లు

పాత టేప్ రికార్డర్ బాక్సులో, హోమ్ థియేటర్ బాక్సులో మూలన పడున్నాయని వాటి తీగలకు పిన్ను అతికించి నేరుగా పచ్చ రంధ్రంలో పెడితే దోమ పాడినట్టు వినిపిస్తుంది. ఆ బాక్సులకు సొంత ఆంప్లిఫయర్ ఉండదు. మదర్‌బోర్డు ఇచ్చేది దాదాపు ఒకటి రెండు వోల్టుల సిగ్నల్. ఎనిమిది ఓమ్‌ల స్పీకరు మీద ఒక వోల్టు పెడితే లెక్క ప్రకారం వచ్చేది వాటులో ఎనిమిదో వంతు. చిప్పు ఆ మాత్రం కరెంటు కూడా ఇవ్వలేకపోవచ్చు. మధ్యలో ఆంప్లిఫయర్ ఉండాల్సిందే. పీఏఎం 8403 చిప్పుతో వచ్చే చిన్న బోర్డు 5 వోల్టుల మీద ఒక్కో వైపు గరిష్ఠంగా 3 వాట్ల దాకా ఇస్తుంది, చదువుకునే గదికి అది చాలు. ఇలాంటి బోర్డులకు, తీగలకు కోఠీ గుజరాతీ గల్లీ వైపు వెళ్తారు.

పెట్టె మీద రాసిన వాట్లను చూసి మోసపోకూడదు. పీఎంపీఓ అని వేలల్లో ఉన్న అంకె అమ్మకం కోసం వేసింది. నమ్మదగింది ఆర్‌ఎంఎస్ అంకె. అదీ చెవికి నేరుగా అందదు. 20 వాట్ల స్పీకర్ తీసి 40 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే కాస్త తేడా తెలుస్తుంది, అంతే. సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే పవర్ పది రెట్లు కావాలి. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే స్పీకర్లకు ఇంకో హద్దుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియరు. అంటే రెండున్నర వాట్లు, రెండు స్పీకర్లకూ కలిపి.

స్పీకర్ పెట్టె లోపల

ఊఫర్‌తో వచ్చే 2.1 సెట్లలో చాలావాటి లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. వేసవిలో ఏసీలు, బోరు మోటార్లు ఒక్కసారిగా నడిచే వేళ కరెంటు 230 వోల్టుల నుంచి బాగా పడిపోతే కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ సర్దుకుపోతుంది గానీ, ఈ స్పీకర్లు సర్దుకోలేవు. సౌండ్ పెంచగానే బేస్ దగ్గర గరగరలాడతాయి. సాయంత్రం అలా ఉండి తెల్లవారుజామున బాగుంటే తప్పు కరెంటుది.

ఎప్పుడూ ఒకేలా తక్కువగా ఉంటే ముందు వాల్యూమ్ కంట్రోల్‌ను అనుమానించాలి. దుమ్ము చేరిన కంట్రోల్‌ను తిప్పుతుంటే చిటపటలు వినిపిస్తాయి. ఒకచోట ఒక స్పీకర్ పోయి, ఇంకొంచెం తిప్పితే వస్తుంది. స్విచ్చాఫ్ చేసి, ప్లగ్ తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్పై సార్లు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పితే చాలాసార్లు బాగవుతుంది. కొబ్బరినూనె వెయ్యొద్దు, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. ఏళ్ల తరబడి వేడికి కండెన్సర్లు ఉబ్బడం, కోన్ చుట్టూ ఉన్న స్పాంజి పొడిపొడిగా రాలడం, ఎలుక తీగ కొరకడం తర్వాతి అనుమానాలు. కండెన్సర్ మార్చడం చెయ్యి తిరిగిన టీవీ మెకానిక్‌కు చిన్న పనే. ప్లగ్ తీసిన తర్వాత కూడా పెద్ద కండెన్సర్లలో కాసేపు చార్జి నిలిచి ఉంటుంది గనుక అలవాటు లేనివారు పెట్టె విప్పకూడదు.

బోర్డు మీది ఆడియో చిప్పే చెడిందని తేలితే బోర్డు మార్చక్కర్లేదు. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు పెడితే విండోస్, లినక్స్ రెండూ సాధారణంగా డ్రైవర్ అడక్కుండానే గుర్తిస్తాయి. బోర్డు వారంటీలో ఉంటే మాత్రం ముందు అది వాడుకోవాలి. అసెంబుల్డ్ కంప్యూటర్‌లో ఒక్కో భాగానికీ వారంటీ విడివిడిగా ఉంటుంది. మదర్‌బోర్డుకు ఎక్కువగా మూడేళ్లు, స్పీకర్లకు ఒక ఏడాది. సీటీసీకి వెళ్లేటప్పుడు బిల్లుతోపాటు బోర్డు పెట్టె కూడా తీసుకెళ్లాలి, సీరియల్ నంబరు స్టిక్కరు దాని మీదా ఉంటుంది.