బొగ్గుల ఊళ్లో పొట్టి సినిమా

ఫిబ్రవరి 28 అంటే సినిమా చరిత్ర రాసేవాళ్లకు ఒబర్‌హౌజెన్ గుర్తుకు రావాలి. జర్మనీలోని రూర్ ప్రాంతంలో, బొగ్గుకూ ఉక్కుకూ పేరుపడ్డ ఊరది. 1962లో ఆ రోజున 26 మంది యువ సినిమావాళ్లు అక్కడి లఘుచిత్రోత్సవానికి వచ్చి, పాత జర్మన్ సినిమా చచ్చిందని ప్రకటించారు. 26 మందిలో మచ్చుకు ఒక్క ఆడమనిషి లేదు. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ వింతగా తోచినట్టు లేదు.

అసలు సినిమా పుట్టిందే పొట్టిగా. 1895లో లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి చూపించిన పది చిత్రాల్లో ఏదీ నిమిషం దాటలేదు. తర్వాత పెద్ద సినిమా వచ్చి, చిన్నదాన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టింది. మన హాళ్లలో ఫిలిమ్స్ డివిజన్ వార్తాచిత్రం నడుస్తున్నంతసేపూ జనం సీట్లు వెతుక్కునేవాళ్లు, పల్లీలు కొనుక్కునేవాళ్లు. మా తరానికి తెలిసిన లఘుచిత్రం అదే.

ఒబర్‌హౌజెన్‌లో పొట్టి సినిమాకు పీట వేసినవాడు హిల్మార్ హోఫ్‌మన్. ఆ ఊళ్లో వయోజన విద్యాలయం నడిపే ఈయన 1954లో ఉత్సవం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకే ఇనప తెరకు అవతలి కమ్యూనిస్టు దేశాల సినిమాలనూ తెచ్చి ఆడించాడు. 1962 కుర్రాళ్ల వాదనకు బలం కూడా పోటీలే: మా పొట్టి సినిమాలకు విదేశీ ఉత్సవాల్లో బహుమతులొస్తున్నాయి, పెద్ద సినిమా తీసే స్వేచ్ఛ మాకివ్వండి అన్నారు. జ్యూరీలిచ్చిన ఆ బహుమతులు తప్ప వాళ్లకు వేరే ఆస్తి లేదు.

ఇక నాకిష్టమైన ఘట్టం 1968. ఆ ఏడాది అమల్లోకొచ్చిన సినిమా సాయం చట్టం కుర్రాళ్లను కాదని, టికెట్లు బాగా తెగిన సినిమాల నిర్మాతలకే మళ్లీ డబ్బిచ్చింది. పైగా అందులో ఓ నీతి నిబంధన. దర్శకుడు హెల్‌ముట్ కోస్టార్డ్‌కు ఒళ్లు మండి పది నిమిషాల పైచిలుకు సినిమా ఒకటి తీశాడు. పిల్లలూ చదివే పేజీ కనుక, మగవాడు బట్టల్లో దాచుకునే అవయవమే అందులో కథానాయకుడని చెప్పి ఊరుకుంటాను. తెరనిండా అదే. అది నోరు విప్పి చట్టంలోని నీతి నిబంధన వల్లిస్తుంది! సినిమా పేరు ‘మిక్కిలి విలువైనది’. అప్పట్లో జర్మనీలో మంచి సినిమాలకు వినోదపు పన్ను తగ్గించడానికి వేసిన అధికార ముద్ర కూడా అచ్చంగా అదే మాట.

ఒబర్‌హౌజెన్ ఉత్సవపు ఎంపిక సంఘం దాన్ని ఒప్పుకుంది. ప్రాసిక్యూటర్ కన్నెర్రజేశాడు. హోఫ్‌మన్ కార్యక్రమంలోంచి తీసేశాడు. అంతే, జర్మన్ దర్శకుల్లో చాలామంది మా సినిమాలు మాకిచ్చేయండంటూ మూటాముల్లె సర్దుకున్నారు. ఆ సినిమా పక్కనున్న బోఖుమ్ విశ్వవిద్యాలయంలో ఆడింది. హోఫ్‌మన్‌ను పిరికివాడనడం నాకు ఇష్టం లేదు. అన్నేళ్లు కష్టపడి నిలబెట్టినదాన్ని ఒక్క రీలు కోసం పోలీసుల పాలు చెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? అయినా జ్యూరీ చూడాల్సినదాన్ని వకీళ్లు ముందే చూసేశారన్న కోపం న్యాయమైనదే. కొద్ది వారాలకే కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ సభ్యులే కొందరు రాజీనామా చేశారు, ఉత్సవం మధ్యలోనే ఆగిపోయింది.

ఆ తర్వాతి కథ ఒక దారిన నడవదు. 1999లో మ్యూజిక్ వీడియోలకూ పోటీ పెట్టారు. పిల్లల సినిమాలకు పిల్లలే తీర్పరులయ్యారు. 2020లో ఉత్సవం మొత్తం ఇంటర్నెట్‌కెక్కింది. 2023లో గాజా యుద్ధం వేళ ఉత్సవ నిర్వాహకుడు పెట్టిన ఒక పోస్టు మీద రగడ రేగి, సినిమాలు వెనక్కి తీసుకోవడం మళ్లీ మొదలైంది.

మన దగ్గర తరుణ్ భాస్కర్, సుజీత్ లాంటివాళ్లు లఘుచిత్రాలు తీసే పెద్ద తెరకొచ్చారు. ఇక్కడ యూట్యూబ్‌లో వ్యూస్ లెక్క చూసే నిర్మాతకు జ్యూరీ ఎవరో తెలియనక్కర్లేదు. ఒక రకంగా 1968 చట్టం కూడా ఆ లెక్కే వేసింది.