హుస్సేన్ ఖాన్ పది అణాలు – మన ఒంటి నెత్తుటి చరిత్ర

సొసైటీ పెద్దలు ఈ వార్షిక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాసి ఇవ్వమని మమ్ములను కోరినారు. కోటల గురించి, నవాబుల గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఖమ్మం ఖిల్లా గురించి మాకు తెలిసిన దానికంటె మీకే ఎక్కువ తెలుసు. అందుకని ఈసారి మన అందరి వద్దా ఉన్న మరొక కోట గురించి రాయదలచినాము. అది మన ఒళ్ళు. దానిని మనిషి ఎట్లా తెలుసుకున్నాడనే దానికీ చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మన హైదరాబాదుకు, మన భద్రాచలం అడవి అంచుకు కూడా వాటా ఉన్నది.

ముందుగా మా తప్పొకటి చెప్పుకుంటాము. కొన్నేండ్ల కింద వానకాలంలో మా ఏడవ తరగతి పిల్లవాడొకడు రోజు విడిచి రోజు బడికి రాసాగినాడు. వాళ్ళ నాయన ఏజెన్సీ సంతలలో గాజులు, దువ్వెనలు అమ్మేవాడు. సెలవు దొరికితే పిల్లవాడూ వెంట పోయేవాడు. బడి ఎగగొడుతున్నాడని మేము వాణ్ణి బెంచీ ఎక్కించినాము. వాడు నోరు మెదపలేదు. మరునాడు మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు వాళ్ళ అమ్మ వచ్చి, "మాస్టర్ సాబ్, వీనికి ఒకరోజు చలిజ్వరం, ఒకరోజు మంచిగుంటడు. కడుపుల తిల్లీ పెరిగిందంటున్నరు" అన్నది. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. మందులు పడినవి, పిల్లవాడు కోలుకున్నాడు. ఆ సాయంత్రం హాజరు పట్టీ తీసి చూస్తే ఒక హాజరు, ఒక గైరుహాజరు, మళ్ళీ ఒక హాజరు. జబ్బు తన లెక్కను మా చేతితోనే రాయించుకున్నది. సైన్సు చెప్పే మాకే అది చదవరాలేదు.

నెత్తురు నడిచే దారి

పెద్ద మనిషి ఒంటిలో సుమారు 5 లీటర్ల నెత్తురు ఉంటుంది. గుండె నిమిషానికి 70 సార్ల చొప్పున రోజుకు లక్షసార్లు కొట్టుకొని దానిని ఒళ్ళంతా తిప్పుతుంది. గుండెకు నాలుగు గదులు. వాడిన నెత్తురు కుడివైపుకు వచ్చి, అక్కడ నుంచి ఊపిరితిత్తులకు పోయి, గాలిలోని ప్రాణవాయువును పట్టుకొని ఎడమవైపుకు చేరుతుంది. అక్కడ నుంచి తల మొదలు కాలివేళ్ళ దాకా పోతుంది.

ఈరోజు పదో తరగతి పిల్లవాడికి తెలిసిన ఈ సంగతి ఒకప్పుడు మహా వైద్యులకు తెలియదు. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్, గుండె నడిమి గోడలో కంటికి ఆనని రంధ్రాలున్నవనీ, నెత్తురు వాటిగుండా పోతుందనీ చెప్పినాడు. వెయ్యేండ్లకు పైగా అందరూ అదే నమ్మినారు. డమాస్కసులో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్, 1242లో ఇబ్న్ సీనా ‘ఖానూన్’లోని శరీర భాగాల గురించి వ్యాఖ్యానం రాస్తూ, ఆ గోడలో రంధ్రాలు లేవు, నెత్తురు ఊపిరితిత్తుల గుండానే ఎడమకు చేరాలి అని తేల్చినాడు. ఇంగ్లండులో విలియం హార్వీ ఒళ్ళంతటి రక్తప్రసరణను వివరించింది 1628లో. ఇబ్న్ అల్ నఫీస్ రాత మాత్రం మరుగునపడి, 1924లో బెర్లిను గ్రంథాలయంలో ఒక ఈజిప్టు వైద్యుని కంటబడింది. పెద్దవాళ్ళు చెప్పినారని ఊరుకోక అడిగి చూడటమే చదువు అని ఇందులో నీతి.

మన భాషలో వైద్యం

ఈ విద్య పరభాషలోనే వస్తుందని మన పిల్లలు జంకుతారు. అది నిజం కాదు. హైదరాబాదులో 1846లో మొదలైన వైద్య పాఠశాలలో చదువు ఉర్దూలోనే సాగింది. 1917లో దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువదించినారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చినాక వైద్య విద్య కూడా ఉర్దూలో నడిచింది. జిగర్ అన్నా కాలేయమన్నా, గుర్దే అన్నా మూత్రపిండాలన్నా ఉన్నచోటు ఒకటే, చేసే పని ఒకటే. ఆ తల్లి తిల్లీ అన్నది, పుస్తకంలో ప్లీహం అని ఉంటుంది, మన పల్లెల్లో బల్ల అంటారు. మూడు పేర్లూ తెలిసినవాడికి మూడిళ్ళ బాధా అర్థమవుతుంది.

దోమ కడుపులో దొరికిన జవాబు

1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో మలేరియా పురుగును మనిషి నెత్తుటిలో చూసినాడు. అది అక్కడికి ఎట్లా వస్తుందో తెలియలేదు. చెడుగాలి వల్ల అని లోకం అనుకునేది. మలేరియా అనే మాటకు అర్థమే అది. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు రెండేండ్లు దోమలను కోసి కోసి విసిగినాడు. అవి వేరే జాతివి. చివరకు 1897 ఆగస్టులో సికిందరాబాదులో రెక్కల మీద మచ్చలున్న దోమలు చిక్కినవి. వాటిని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చినారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున, పది దోమలకు పది అణాలు అతనికి ముట్టినవి. ఆగస్టు 20న బేగంపేటలో వాటిలో ఒక దోమ కడుపు గోడలో రాస్ మలేరియా పురుగు గుర్తులు చూసినాడు. ఆ మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మీద పరీక్షలు చేసినప్పుడు మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు వెంట ఉన్నాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. హుస్సేన్ ఖాన్ తర్వాత ఏమైనాడో ఎవరూ తలచుకోరు. ఈ సంచికలోనైనా ఆ పేరు ఉండనివ్వండి.

ఒంటిలో ఆ పురుగు ప్రయాణం

దోమ కుట్టినప్పుడు దిగిన పురుగు గంట లోపే కాలేయం చేరి, అక్కడ వారం రెండు వారాలు చప్పుడు లేకుండా పెరుగుతుంది. తర్వాత నెత్తుటిలోకి వచ్చి ఎర్రకణాల్లో దూరుతుంది. వైవాక్స్ రకం పురుగు 48 గంటలకొకసారి కణాలను పగలగొట్టి బయటకు వస్తుంది. అప్పుడే ఆ వణుకు, ఆ జ్వరం. మా హాజరు పట్టీలో ఉన్నది ఈ 48 గంటల లెక్కే. పగిలిన కణాలను వడపోసే పని ప్లీహానిది. పని మితిమీరితే అది ఉబ్బుతుంది. అదే బల్ల. కణాలు తగ్గితే ప్రాణవాయువు అందక పిల్లవాడు పాలిపోతాడు, ఆయాసపడతాడు. ఫాల్సిపారం రకమైతే మెదడు సన్న నాళాలకు అంటుకొని ప్రాణం తీయగలదు. చూడండి, ఒక్క దోమకాటుకు ఎన్ని అవయవాలు కదిలినవో! ఒంటిలో ఏదీ ఒంటరి కాదు.

మన పక్కనున్న కోయ సోదరుల నెత్తుటిలో ఈ జ్వరం పాత గుర్తు కూడా మిగిలింది. కొడవలి ఆకారపు ఎర్రకణాల లక్షణం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత కాపాడుతుందని 1954లో తేలింది. ఇద్దరి నుంచీ వస్తే అదే ప్రాణాంతకమైన సికిల్‌సెల్ జబ్బు. తల్లిదండ్రులిద్దరికీ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. దానిని 2047 నాటికి నిర్మూలించాలని 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది.

సభ్యులకు మా మనవి కొంచెమే. చలిజ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. తావీజు కట్టినా, దువా చేయించినా పరీక్ష మాత్రం ఆపవద్దు. వైవాక్స్ పురుగు కాలేయంలో దాగి మళ్ళీ లేస్తుంది. అందుకే దానికి డాక్టరు 14 రోజుల మందు ఇస్తే మూడో రోజు జ్వరం దిగిందని మానవద్దు. దోమతెర కింద ముందు పిల్లలను, కడుపుతో ఉన్నవాళ్ళను పడుకోబెట్టండి. మాలాంటి పంతుళ్ళకు ఒక మాట: పిల్లవాడు రోజు విడిచి రోజు రాకపోతే బెంచీ ఎక్కించే ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూడండి.