పట్టికలో చేరని రాజధాని

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జార్జియా యనునది యొకటి. దాని రాజధాని యేదియని అక్కడి బాలుని అడిగినయెడల, అట్లాంటా అని తడవుకొనక చెప్పును. అయితే అట్లాంటాకు ఆ గౌరవము దక్కినది 1868లో మాత్రమే. 1733లో సముద్రతీరమునకు సమీపమున స్థాపింపబడిన సవానా మొదటి రాజధాని. తరువాత ఆగస్టా. ఆ తరువాత ఫ్రెంచి రాజైన పదునారవ లూయీ పేరు పెట్టబడిన లూయిస్‌విల్. అటుపిమ్మట 1807 మొదలు 1868 వరకు మిల్లెడ్జ్‌విల్ రాజధానిగా నుండెను.

రాజధాని ఇన్నిమారులు ఏల కదలెను? తెల్లవారు తీరమునుండి లోపలి భూములకు ప్రాకుచు పోయిరి. ఇండియనుల భూమి కొంత చేతికి వచ్చినప్పుడెల్ల జనము పడమటికి జరిగెను. జనముతోకూడ రాజధానియు జరిగెను. మిల్లెడ్జ్‌విల్ కట్టబడిన నేల క్రీకు జాతివారు అంతకు కొలది యేండ్ల క్రితమే విడిచిపెట్టినది.

ఈ భూమియాశ యెంతటిదో ఒక సంగతి వలన తెలిసికొనవచ్చును. 1795లో జార్జియా శాసనసభ్యులలో అనేకులు లంచములు పుచ్చుకొని, పడమటనున్న సుమారు 3 కోట్ల 50 లక్షల ఎకరములను 5 లక్షల డాలర్లకు కొన్ని కంపెనీలకు అమ్మివేసిరి. ప్రజలు మండిపడిరి. మరుసటి సంవత్సరము క్రొత్త సభ ఆ అమ్మకమును రద్దుచేసి, దాని కాగితములను లూయిస్‌విల్ పట్టణమున అందరి యెదుట అగ్నికి ఆహుతి చేసెను. కాగితములు కాలెను గాని చిక్కు తీరలేదు. తుదకు 1802లో జార్జియా తన పడమటి భూములను కేంద్ర ప్రభుత్వమునకు ఒప్పగించెను. అందుకు ప్రతిగా, జార్జియా యెల్లలలో ఇండియనులకున్న హక్కును తొలగించెదమని కేంద్రము మాట యిచ్చెను. ఆ ఇండియనుల నెవరును అడుగలేదు.

చదువరీ, ఇక్కడ ఆగి చూడుము. జార్జియా నేలమీదనే మరియొక రాజధాని యుండెను. నేను పైన వ్రాసిన పట్టికలో అది లేదు. దానిపేరు న్యూ ఎకోటా. అది చెరోకీ జనుల రాజధాని.

చెరోకీలను అడవిమనుష్యులని తలంచినయెడల పొరపాటు. వారికి పొలములు, తోటలు, మరలు ఉండెను. వారిలో సెక్వోయా యను నొకడు ఇంగ్లీషు చదువనేరనివాడు. తెల్లవారు కాగితము చూచి మాటలాడుట గమనించి, తన భాషకును అట్టి ఉపాయము చేయవలెనని అతడు అనేక సంవత్సరములు పాటుపడి, 1821 నాటికి ఒక లిపి కల్పించెను. మన గుణింతములో 'క, కి, కు' అనుటకు ఒక్కొక్క రూపమున్నట్లే, చెరోకీ పలుకులోని ఒక్కొక్క అక్షరధ్వనికి ఒక్కొక్క గుర్తు; మొత్తము 86. వ్రాతయెరుగని జనములో ఒక్క మనుష్యుడు లిపిని పుట్టించుట లోకచరిత్రలో అరుదు. కొలది యేండ్లలోనే వేలకొలది చెరోకీలు తమ భాషను చదువ నేర్చిరి.

1825లో వారు న్యూ ఎకోటాను రాజధానిగా నిర్ణయించిరి. సభామందిరము, న్యాయస్థానము, అచ్చుకూటము అక్కడ వెలసెను. 1827లో వారు లిఖితమైన రాజ్యాంగము నేర్పరచుకొనిరి. 1828 ఫిబ్రవరి 21న 'చెరోకీ ఫీనిక్స్' అను వారపత్రిక వెలువడెను. ఒకే పుటలో చెరోకీయు ఇంగ్లీషును ప్రక్కప్రక్కన. సంపాదకుడు ఎలాయస్ బూడినాట్ అను చెరోకీ. సెక్వోయా అక్షరములను బోస్టన్ పట్టణమున సీసముతో పోతపోయించుటకు పాటుపడినవారు శామ్యూల్ వూస్టరుగారు, అమెరికన్ బోర్డు మిషనెరి. ఆ అచ్చుకూటమునుండియే 1829లో మత్తయి సువార్త చెరోకీ భాషలో వెలువడెను. అయితే ఈ జనము నిర్దోషులని చెప్పుటకు వీలులేదు. వారిలో ధనవంతులు తెల్లవారివలెనే ఆఫ్రికా సంతతివారిని బానిసలుగా ఉంచుకొనిరి. ఇదియు చరిత్రయే.

ఇంతలో జార్జియా ఉత్తరభాగమున బంగారము బయలుపడెను. చెరోకీ శాసనములు చెల్లవని మిల్లెడ్జ్‌విల్ సభ చట్టములు చేసెను. తెల్లవానికి విరోధముగా న్యాయస్థానమున సాక్ష్యమిచ్చు హక్కు ఇండియనునకు లేదనెను. 1830లో, ఇండియనులను మిసిసిపి నది దాటించుటకు కేంద్ర ప్రభుత్వమును చట్టము చేసెను. అదే సంవత్సరము చివర జార్జియా మరియొక చట్టము తెచ్చెను: చెరోకీ దేశమున నివసించు తెల్లవాడెవడైనను రాష్ట్రమునకు విధేయుడనని ప్రమాణము చేసి అనుమతిపత్రము పొందవలెను, లేనిచో చెరసాల.

వూస్టరుగారు ప్రమాణము చేయలేదు. ఎలైజర్ బట్లరుగారును చేయలేదు. ప్రమాణము చేసినయెడల, చెరోకీల భూమిపై జార్జియాకు అధికారము కలదని ఒప్పుకొనినట్లే గదా. 1831 సెప్టెంబరులో పదునొకండుగురికి నాలుగేండ్ల కఠినశిక్ష విధింపబడెను. చెరసాల ద్వారమున గవర్నరు క్షమాపణ నియ్యజూపగా తొమ్మండుగురు దానిని పుచ్చుకొని పోయిరి. వూస్టరుగారును బట్లరుగారును లోపలికి పోయిరి. ఆ చెరసాల మిల్లెడ్జ్‌విల్ పట్టణముననే, శాసనసభకు సమీపముననే యుండెను.

వారి వ్యాజ్యము సుప్రీముకోర్టుకు పోయెను. 1832 మార్చి 3న ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పెను: చెరోకీ జనము ప్రత్యేక సమాజము; వారి భూమిలో జార్జియా చట్టములు చెల్లవు. సత్యము గెలిచెననుకొందువా? జార్జియా ఆ తీర్పును లెక్కచేయలేదు. అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ దానిని నెరవేర్చుటకు పూనుకొనలేదు. తీర్పు కాగితముమీదనే నిలిచెను; ఖైదీలు చెరలోనే నిలిచిరి. పదునారు నెలల పిమ్మట, 1833 జనవరిలో, వ్యాజ్యమును ఇక సాగింపబోమని వారు తెలుపగా, గవర్నరు లంప్‌కిన్ వారిని విడిచిపెట్టెను.

ఈలోగా మిల్లెడ్జ్‌విల్‌లో చీట్లు తీయుచుండిరి. చెరోకీల దేశమునంతయు 160 ఎకరముల తుండ్లుగాను, బంగారమున్న చోట 40 ఎకరముల తుండ్లుగాను కొలిచి, చీటి పడినవానికి పంచిపెట్టిరి. చెరోకీల ప్రధాన నాయకుడైన జాన్ రాస్ 1835లో వాషింగ్టనునుండి ఇంటికి రాగా, చీటి గెలిచిన పరాయివాడు అందులో కాపురముండెను.

ఆ సంవత్సరము డిసెంబరు 29న న్యూ ఎకోటాలోనే, బూడినాట్ ఇంటిలో, కొద్దిమంది చెరోకీలు తూర్పు దేశమంతటిని 50 లక్షల డాలర్లకు విడుచుచు ఒడంబడికపై చేవ్రాలు చేసిరి. తమ జనమును రక్షించుటకు వేరుదారి లేదని వారు తలంచిరి. జనులలో అధికసంఖ్యాకులు ఒప్పుకొనలేదు. పదునైదువేలకు పైగా పేర్లతో మనవి పంపుకొనిరి. అయినను 1836లో సెనేటు అవసరమైన మూడింట రెండు వంతుల ఓట్లతో దానిని అంగీకరించెను. 1838లో సైనికులు ఇండ్లమీదికి వచ్చి సుమారు 16,000 మందిని వెళ్లగొట్టి పడమటికి తరిమిరి. ఆ ప్రయాణమునకు కన్నీటి బాట యని పేరు. వైద్యుడు కూడనైన బట్లరుగారు వారితో నడిచిరి. శిబిరములలోను దారిలోను నాలుగువేల మందికి పైగా మరణించిరని లెక్క చెప్పినవారు ఆయనయే. బూడినాట్‌ను అతని జనులలోని వారే 1839లో చంపిరి.

మిల్లెడ్జ్‌విల్ సంగతి యేమాయెను? 1861 జనవరిలో, అమెరికానుండి విడిపోవుదుమని జార్జియా అక్కడనే తీర్మానించెను. 1864 నవంబరులో జనరల్ షెర్మన్ సైనికులు ఆ పట్టణములో ప్రవేశించి, శాసనసభలో కూర్చుండి హాస్యముగా సభ జరిపి ఆ తీర్మానమును రద్దుచేసిరి. ఆ దినములలోనే చెరసాలయు కాలిపోయెను. 1868లో రాజధాని పదవి పోయెను. ఇది పాతపాపమునకు శిక్షయని తీర్పు తీర్చుట మన పని కాదు. జరిగినది మాత్రము చెప్పుచున్నాను.

న్యూ ఎకోటా పొలములలో కలిసిపోయెను. వూస్టరుగారి ఇల్లు మాత్రము నిలిచెను, నేటికిని నిలిచియున్నది. 1954లో త్రవ్వకములు జరిపినప్పుడు, ఆ అచ్చుకూటపు సీసపు అక్షరములు మట్టిలోనుండి బయటపడెను. 1962లో జార్జియా చెరోకీలకు విరోధమైన పాత చట్టములను రద్దుచేసి, ఆ స్థలమును ప్రజలు దర్శించుటకు తెరచెను. 1992లో వూస్టరు, బట్లరుగార్లకు క్షమాపణ ప్రకటించెను. అప్పటికి నూట అరువదియొక్క సంవత్సరములు గడచిపోయెను.

వూస్టరుగారు 1835లోనే పడమటికి వెళ్లి, అచ్చుయంత్రమును మరల నిలిపి, 1859లో మరణించువరకు చెరోకీ భాషలో పుస్తకములు వేయుచుండిరి. చెరోకీలు 1839లో టాలెక్వా పట్టణమును తమ క్రొత్త రాజధానిగా చేసికొనిరి. 'చెరోకీ ఫీనిక్స్' నేడు అక్కడినుండి వెలువడుచున్నది.

చదువరీ, నీవు రాజధానుల పేర్లు వల్లించునప్పుడు, లేక నీ బిడ్డచేత వల్లింప జేయునప్పుడు, ఒక ప్రశ్న వేసికొనుము: ఈ పట్టికను వ్రాసినవారెవరు? అందులో ఎవరి పట్టణము విడువబడెను? తీర్పు గెలిచియు ఇల్లు కోల్పోయినవారు లోకమున నేటికిని కలరు. వారికి మనము భూమి నియ్యలేకపోవచ్చును. కాని అబద్ధపు ప్రమాణము మన నోటినుండి కోరబడినప్పుడు చేయకుండుట మన చేతిలోనే యున్నది. మిల్లెడ్జ్‌విల్ చెరసాల ద్వారమున పదునొకండుగురు నిలిచిరి. ఇద్దరు లోపలికి పోయిరి.