కొడుకును మూడుసార్లు అమ్మితే ఏమవుతుంది? పాతకాలంలో ‘మళ్లీ’కి ఉన్న బలం

యాప్‌లో పాస్‌వర్డ్ మార్చాలంటే కొత్తది రెండుసార్లు కొట్టమంటుంది కదా? విసుగొస్తుంది. కానీ ఒకే మాటను మళ్లీ చెప్పించడం ఫోన్లతో పుట్టిన పద్ధతి కాదు. చాలా పాతది. ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు మన భాషే చూద్దాం. బళ్లో ఆమ్రేడిత సంధి చదివే ఉంటారు. పగలు, పగలు కలిస్తే పట్టపగలు. మొదట, మొదట కలిస్తే మొట్టమొదట. రెండోసారి వచ్చిన పదాన్ని ఆమ్రేడితం అంటారు. ఈ పేరు దాదాపు 2,400 ఏళ్ల కిందటి పాణిని వ్యాకరణంలోనే ఉంది. ప్రాచీన హీబ్రూలోనూ ఇలాంటిదే చూస్తాం. ‘అన్నిటికన్నా గొప్ప పాట’ అనడానికి వాళ్లు ‘పాటల్లో పాట’ అన్నారు. తెలుగు బైబిల్లో అదే పరమగీతం అయింది.

ఇదంతా మాటకు బలం ఇవ్వడం. రోమన్లు చేసే పనికీ ఇదే పద్ధతి పెట్టారు. అక్కడ తండ్రి బతికున్నంత కాలం కొడుకు ఆయన అధికారం కిందే ఉండాలి, పెళ్లయినా సరే. తండ్రి కొడుకును అమ్మొచ్చు కూడా! క్రీ.పూ. 450 ప్రాంతంలో వచ్చిన పన్నెండు పట్టికల చట్టం దీనికి హద్దు పెట్టింది. కొడుకును మూడుసార్లు అమ్మితే ఇక వాడిపై తండ్రికి హక్కు లేదు.

తర్వాతి తరాలవాళ్లు ఈ రూల్‌నే విడుదలకు దారిగా మార్చుకున్నారు. కొడుకును స్వతంత్రుణ్ణి చేయాలనుకున్న తండ్రి, నమ్మకమైన స్నేహితుడికి పేరుకు అమ్మేవాడు. ఐదుగురు సాక్షులు, త్రాసు పట్టుకునే ఒక మనిషి ఉండాలి. స్నేహితుడు వదిలేస్తే కొడుకు మళ్లీ తండ్రి కిందికే వచ్చేవాడు. రెండోసారీ అంతే. మూడో అమ్మకంతో తండ్రి అధికారం తెగిపోయేది. ఆ తర్వాత వదిలేస్తే ఇక స్వేచ్ఛే. కూతురికైతే ఒక్క అమ్మకం చాలు! ఎందుకంటే చట్టంలో మూడుసార్లు అన్నది ‘కొడుకు’ గురించే.

నాకనిపించేది ఏంటంటే, ఒక్కసారి కోపంలోనో తొందరలోనో జరగొచ్చు. అదే పని సాక్షుల ముందు మూడుసార్లు చేస్తే, ‘ఏదో పొరపాటున చేశా’ అనడానికి వీల్లేదు. మన వేలంపాటల్లో కూడా ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అంటారు చూశారా? మూడోది పడేదాకా ఎవరైనా పాట పెంచొచ్చు. పడ్డాక మాత్రం వెనక్కి తీసుకోలేరు.