ఉసిళ్ళు లేచిన వేళ

మే నెల చివరి వారం, తెల్లవారుజాము. ఏలూరుకి దక్షిణాన గుడివాకలంక దగ్గర కొల్లేటి సరస్సులో దోనె ఎక్కుతారు మీరు. వాన ఇప్పుడే వెలిసింది. వానంటే పెద్ద మాట, నాలుగు బండ చినుకులు. "నడిమికి కూచోండి బాబూ, కదలకండి" అంటూ దోనె నడిపే పెద్దాయన గెడ వేస్తాడు. నీళ్ళు మోకాలి లోతే. చెయ్యి ముంచితే ఇంత పొద్దున కూడా గోరువెచ్చగా తగులుతాయి.

దూరంగా చేపల చెరువుల మీద ఏరేటర్ల హోరు. రాత్రంతా పాచీ నాచూ పీల్చేయగా తెల్లారేసరికి నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటుతుంది. శీలావతి, బొచ్చె నోళ్ళు తెరుచుకుని పైకి తేలే వేళ ఇది. ఇక్కడ మాత్రం గుర్రపుడెక్క అంచున గుబుక్కుమని ఒక్కటే చప్పుడు.

"కొరమేను. ఊపిరి తీసిన చోటు గుర్తెట్టుకోండి."

మొప్పలు దీనికి చాలవు. పైగాలి అందకపోతే నీళ్ళలోనే చస్తుంది. అందుకే అది దాక్కున్నా దొరికిపోతుంది. కశ్మీర్ వాగుల్లో ట్రౌట్ కోసం ఈకలూ దారమూ చుట్టి పురుగులాంటి గాలం కట్టేవాళ్ళు ఈ వేడికి మొహం చిట్లిస్తారు. నీళ్ళు 20 డిగ్రీలు దాటితేనే ఆ చేప డస్సిపోతుంది. అయితే ఏ పురుగుకి రెక్కలొచ్చాయో కనిపెట్టాకే గాలం తీయడం అక్కడా ఇక్కడా ఒకటే.

అదిగో, లేచాయి! ఎదురుగా ఉన్న దిబ్బ, 2006లో కొల్లేట్లో అక్రమ చేపల చెరువులు తొలగించిన ఆపరేషన్‌లో తెగ్గొట్టిన గట్టు తాలూకు మిగులు. దాని పగుళ్ళలోంచి ఉసిళ్ళు బుసబుసమని పొంగుతున్నాయి. మీ మెడ మీద, కనురెప్పల మీద వాలుతున్నాయి. ఎగరడం సరిగా రాదు వీటికి; రెక్కలు రాల్చుకుని నీళ్ళలో పడుతున్నాయి. పడ్డచోటల్లా పరిగెలు టపటపా ఎగబడుతున్నాయి. ఒక్కసారి ఆ సందడి ఆగిపోయింది. పరిగెలన్నీ చెదిరాయి. కింద ఏదో కదిలింది.

వీపుకి గాలం గుచ్చిన బతికున్న పరిగెని పెద్దాయన అక్కడే వదిలాడు. తాడు బిగుసుకుంది, దోనె ఓ పక్కకి ఒరిగింది. మూరెడు కొరమేను, నల్లటి వీపు, దోనె అడుగున దబదబా కొట్టుకుంటోంది.

ఇంకాస్త ముందుకెళ్ళాక నీటి మీద ఎర్రటి ముద్దలా కొరమేను పిల్లలు, చిటికెన గోరంత. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, అప్పుడు కోపం మీద దేన్నయినా కరుస్తాయి. పట్టడం తేలికే. పెద్దాయన గెడ పక్కకి తిప్పేశాడు.

"వాటి జోలికెళ్తే వచ్చే ఏడాది ఏం తింటామండీ? పదండి, ఎండెక్కితే ఉసిళ్ళింక లేవవు. ఉప్పుటేటి మీదుగా సముద్రపు పోటు కూడా ఎక్కుతోంది, తమ్మిలేరు వరద దిగేదాకా ఈ నీళ్ళింతే. సాయంత్రం మళ్ళీ చినుకు పడితే దీపం పట్టుకుని గట్టు మీదకి రండి."