సర్వీసు రిజిస్టరు నుంచి ముఖ హాజరు దాకా: ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సిబ్బంది సమాచార చరిత్ర

ఆంధ్రప్రదేశ్ పరిపాలన చరిత్రలో 1985వ సంవత్సరం రెండు వేర్వేరు కారణాల చేత గమనింపదగినది. ఆ ఏడు పటమట, గుణదల, భవానీపురం గ్రామ పంచాయతీలు విజయవాడ నగరపాలక సంస్థలో విలీనమయ్యాయి. అదే ఏడు డిసెంబరు 30న హైదరాబాదు సచివాలయం నుంచి 610వ నంబరు జి.ఓ. వెలువడింది. మొదటిది నగర విస్తరణగాను, రెండవది ప్రాంతీయ ఉద్యోగాల వివాదంగాను చరిత్రకెక్కాయి. సిబ్బంది నిర్వహణ దృష్టితో చూసినప్పుడు రెండింటికీ వర్తించే ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. ఒక ఉద్యోగి ఎక్కడివాడు, ఏ పదవిలో ఎప్పటి నుంచి ఉన్నాడు అనే సమాచారం ఎవరి చేతిలో ఉంటుంది? పంచాయతీ నగరంలో కలిసినప్పుడు ఊరు కదలదు; కాగితాలూ, వాటిని రాసే సిబ్బందీ కొత్త కార్యాలయం కిందికి వెళతారు.

సర్వీసు రిజిస్టరు అనే సాక్ష్యం

ఆ కాగితాలలో ఉద్యోగికి ప్రాణప్రదమైనది సర్వీసు రిజిస్టరు. ఉద్యోగుల వాడుకలో అది 'ఎస్సార్'. 1922 జనవరి 1 నుంచి అమలైన ఫండమెంటల్ రూల్స్, వాటి అనుబంధ నియమాలు దాని స్వరూపాన్ని స్థిరపరిచాయి. మొదటి పుటలో పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు, వేలిముద్రలు ఉంటాయి. తరువాతి పుటల్లో ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు, శిక్షలు. ప్రతి నమోదు కిందా కార్యాలయాధికారి సంతకం ఉండాలి. ఏటా సర్వీసును సరిచూసి, రిజిస్టరును ఉద్యోగికి చూపించి, అతని సంతకం తీసుకోవాలి. ఈ చివరి నియమం ఎంత నిష్ఠగా అమలైందన్నది వేరే సంగతి. తన గురించి ప్రభుత్వం ఏమి రాసుకుందో చదివే హక్కు ఉద్యోగికి ఉందని వలస పాలన నాటి ఆ నిబంధన అంగీకరించింది.

రిజిస్టరుకు లోపాలు తక్కువేమీ కావు. అది ఒక్క ప్రతి. ఉద్యోగితో పాటు కార్యాలయం నుంచి కార్యాలయానికి ప్రయాణం చేస్తుంది. గుమాస్తా అలసత్వమో, చెదలో, వరదో ఒక పుటను మింగితే పెన్షను ఆగిపోతుంది. అంతకంటె ముఖ్యమైన పరిమితి మరొకటి ఉంది. ఒక్కొక్క ఉద్యోగి చరిత్రను చెప్పడానికే అది పనికివస్తుంది. ఉద్యోగులందరి లెక్కను తేల్చలేదు.

ఈ పరిమితి ఎంత ఖరీదైనదో 610 జి.ఓ. చరిత్ర చూపిస్తుంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975 అక్టోబరులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించింది. కృష్ణా జిల్లా రెండవ జోనులో చేరింది. ఏ పోస్టులో ఎంతమంది స్థానికులు ఉండాలో ఆ ఉత్తర్వు నిర్ణయించింది గాని, ఉన్నవారిలో స్థానికులెవరో చెప్పగల ఆధారాలు వేలాది కార్యాలయాల బీరువాల్లో చెల్లాచెదురుగా ఉండిపోయాయి. అయిదవ, ఆరవ జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా నియమితులైన వారిని 1986 మార్చి 31లోగా వెనక్కు పంపాలని 610 జి.ఓ. ఆదేశించింది. ఆ గడువు దాటిపోయింది. 2001లో ఏర్పడిన గిర్‌గ్లానీ కమిషన్ మళ్లీ శాఖల వారీగా వివరాలు రాబట్టవలసి వచ్చింది. రాజకీయ సంకల్పం లేకపోవడమే ఇందుకు కారణమన్న వాదన బలమైనదే. అయితే ఆ సంకల్పలేమి దాక్కోవడానికి సమాచారలేమి చోటిచ్చిందన్నది కూడా గమనించాలి. తెలియకపోవడం పాలకులకు కొన్నిసార్లు సౌకర్యమే.

కంప్యూటరు ప్రవేశించినప్పుడు దాని చూపు మొదట సిబ్బంది మీద పడలేదు. 1998-99లో విజయవాడ నగరపాలక సంస్థ రూపొందించిన 'వాయిస్' పథకం జనన మరణ పత్రాలు, భవన అనుమతులు, ఆస్తి పన్ను, నీటి పన్ను వంటి పౌరసేవలకు ఉద్దేశించినది. 2014 విభజన పరిస్థితిని మార్చింది. పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 77వ సెక్షను కింద రాష్ట్రస్థాయి ఉద్యోగులను రెండు రాష్ట్రాలకు పంచడానికి కమలనాథన్ కమిటీ పోస్టుల, వ్యక్తుల జాబితాలను ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించింది. 2016లో సచివాలయ సిబ్బంది వెలగపూడికి, అనేక శాఖాధిపతుల కార్యాలయాలు విజయవాడ పరిసరాలకు తరలి వచ్చాయి.

చేతి నుంచి యంత్రానికి

2018 ఏప్రిల్ నుంచి సమగ్ర ఆర్థిక నిర్వహణ వ్యవస్థ, అంటే సి.ఎఫ్.ఎం.ఎస్., అమలులోకి వచ్చింది. ప్రతి ఉద్యోగికి ఒక సంఖ్య వచ్చింది. జీతం బిల్లు ఆ సంఖ్యను ఆశ్రయించింది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా కొత్త ఉద్యోగులు చేరారు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీలోని యాభై వేల పైచిలుకు సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. ఇంతమందిని పాత ట్రెజరీ పద్ధతిలో జీతాల పట్టికలోకి తేవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. వ్యవస్థ ప్రయోజనాన్ని ఇక్కడ కాదనలేము.

దాని రెండవ ముఖం 2022 జనవరిలో బయటపడింది. 17వ తేదీన వేతన సవరణ ఉత్తర్వులు వెలువడ్డాయి. అప్పటివరకు అందుతున్న మధ్యంతర భృతి 27 శాతం కాగా, కొత్త ఫిట్‌మెంటు 23 శాతం. ఉద్యోగ సంఘాలు పాత జీతాలే ఇవ్వాలని పట్టుబట్టాయి. కొత్త స్కేళ్ల ప్రకారం బిల్లులు తయారు చేయబోమని ట్రెజరీ ఉద్యోగులు నిరాకరించారు. పనిచేయనివారిపై క్రమశిక్షణ చర్యలు తప్పవని ఆర్థిక శాఖ హెచ్చరించింది. ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ' పిలుపుపై వేలాది మంది బీఆర్‌టీఎస్ రోడ్డును నింపారు. అప్పటికే కొత్త స్కేళ్ల ప్రకారం జీతాలు ఖాతాల్లో పడ్డాయి.

పూర్వం వేతన స్థిరీకరణకు ఒక గుమాస్తా లెక్క కట్టాలి, డ్రాయింగ్ అధికారి సంతకం చేయాలి, ట్రెజరీ తనిఖీ చేయాలి. ఈ మూడు చేతులూ ఆలస్యానికి, అప్పుడప్పుడు లంచానికి కారణమైన మాట నిజమే. ఆ చేతులే నిరాకరించే శక్తి కూడా. సమాచార వ్యవస్థ ఆలస్యాన్ని తొలగించే క్రమంలో ఆ నిరాకరణ విలువనూ తగ్గించింది. పత్రికలు నాడు ఫిట్‌మెంటు శాతాల మీదనే దృష్టి పెట్టాయి. చరిత్రకారులకు ఈ పరిణామమే ఎక్కువ ముఖ్యం.

అదే ఏడు జూన్‌లో తమ జి.పి.ఎఫ్. ఖాతాల నుంచి సుమారు 800 కోట్ల రూపాయలు తమకు తెలియకుండా వెనక్కు పోయాయని ఉద్యోగ సంఘ నాయకులు ఆరోపించారు. సాంకేతిక కారణమని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కారణమేదైనా, ఆ వివాదం నడిచిన తీరు సర్వీసు రిజిస్టరు నాటి నియమాన్ని గుర్తుకు తెస్తుంది. నమోదు ముందు జరిగింది. ఉద్యోగి దాన్ని తరువాత చూశాడు.

ఆగస్టులో ఉపాధ్యాయులకు ముఖ ఆధారిత హాజరు వచ్చింది. సొంత ఫోను, సొంత డేటా ఎందుకు వాడాలన్నది సంఘాల మొదటి అభ్యంతరం. హాజరు పట్టీలో పది నిమిషాల మినహాయింపు, మూడు ఆలస్యాలకు ఒక ఆకస్మిక సెలవు వంటి పాత సంప్రదాయాలకు ప్రధానోపాధ్యాయుని విచక్షణ తోడయ్యేది. బస్సు తప్పిన టీచరుకు, రోజూ ఆలస్యంగా వచ్చే టీచరుకు మధ్య తేడా ఆయనకు తెలుసు. 2023 జనవరి 1 నుంచి ఈ పద్ధతిని ఇతర శాఖలకూ విస్తరించారు.

ఈ-ఎస్సార్ కోసం పాత రిజిస్టరులోని పుటలను ఉద్యోగుల చేతనే భాగాలవారీగా నింపించారు. తన చరిత్రను తానే రాసి, కార్యాలయాధికారి ధ్రువీకరణ కోసం పంపే ఈ పద్ధతి పాత క్రమాన్ని తలకిందులు చేసింది. అయినా పెన్షను ప్రతిపాదనలతో పాటు చేతిరాత సర్వీసు రిజిస్టరును జతచేసి పంపే ఆనవాయితీ ఆ తరువాత కూడా కొనసాగింది.